కొండ మీద ఐదు రోజులు, ఇద్దరు పసివాళ్లు: విశ్రాంతి అనేది దొరుకుతుందా?

ఇద్దరి అమ్మ

ముందు మా సంగతి చెప్పి తర్వాత ప్రశ్నలోకి వస్తాను. మాకు ఇద్దరు. పెద్దదానికి మూడున్నరేళ్లు, చిన్నవాడికి ఇరవై నెలలు. పెద్దది ప్రతి మాటకూ "ఎందుకు" అంటుంది. చిన్నవాడికి మాటలు ఇంకా సరిగా రాలేదు గానీ మెట్లు కనిపిస్తే చాలు, ఎక్కేస్తాడు. దిగడం మాత్రం చేతకాదు.

కిందటిసారి కొండకు వెళ్లినప్పుడు నాలుగు రోజుల్లో పదకొండు చోట్లు చూశాం. చూశామని మా వారు అంటారు. నేను చూసింది పదకొండు చోట్ల కారు ఆపే స్థలాలు, అవి కూడా వెనక సీట్లో డైపర్ మారుస్తూ. రెండో రోజు ఘాట్ రోడ్డు మలుపుల్లో పెద్దది నా ఒళ్లోనే వాంతి చేసుకుంది. మూడో రోజు సూర్యోదయం చూడాలని చీకటితోనే ఇద్దరినీ లేపాం. మంచు కమ్మేసి సూర్యుడు కనిపించలేదు. మా పిల్లల ఏడుపు మాత్రం లోయంతా వినిపించి ఉంటుంది. ఇంటికి వచ్చాక ఆ సెలవు అలసట తీరడానికి నాకు మరో సెలవు కావలసి వచ్చింది.

ఈసారి ఆకురాలు కాలంలో వెళ్దామనుకుంటున్నాం. వేసవి రద్దీ ఉండదు, చెట్లు రంగు మారి ఉంటాయి, చలి ఇంకా ముదరదు. సుమారు 1,900 మీటర్ల ఎత్తులో ఒక రిసార్టు చూశాం. ఐదు రాత్రులు ఒకేచోట. నా షరతు ఒక్కటే, నాకు విశ్రాంతి కావాలి. మా వారు వెంటనే ఒప్పుకున్నారు. అంత వెంటనే ఒప్పుకున్నారంటేనే ఎక్కడో ఒక పట్టిక తయారవుతోందని నా అనుమానం.

ఆ ఎత్తు ఈ వయసు పిల్లలకు పరవాలేదా? మలుపుల్లో వాంతులు తప్పించుకునే దారి ఏమైనా ఉందా? గది తీసుకునేటప్పుడు ఏమి అడగాలి? అన్నిటికంటే ముఖ్యం, ఈ వయసు పిల్లలను తీసుకెళ్లి నిజంగా విశ్రాంతి తీసుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే ఎలా తీసుకున్నారో చెప్పండి. ఫొటోల్లో నవ్వుతున్న కుటుంబాలను నేను నమ్మడం మానేశాను.

గట్టిమాట

పిల్లలు మూడేళ్లు దాటేవరకు విశ్రాంతి సెలవు అనేది ఉండదండీ. ఇంట్లో చేసే చాకిరీనే మంచి దృశ్యం ఎదురుగా పెట్టుకుని చేస్తారు, అంతే. ఆ డబ్బుతో ఇంట్లో వారం రోజులు ఎవరినైనా సాయానికి పెట్టుకుంటే మీరు ఎక్కువ నిద్రపోతారు.

ఇద్దరి అమ్మ

గట్టిమాట గారూ, మీరన్నది నిజమే కావచ్చు. కానీ చాకిరీ ఎలాగూ తప్పనప్పుడు మంచి దృశ్యం ఎదురుగా ఉంటే నష్టమేమిటి? ఇంట్లో నా ఎదురుగా ఉండేది బట్టల కుప్ప.

వెనక సీటు నాన్న

నాకు ముగ్గురు. ఘాట్ రోడ్ల మీద నేను తుడిచిన సీట్లను బట్టి నాకు కొంత అర్హత ఉందనుకుంటాను. కాబట్టి దారి గురించి మాత్రమే చెబుతాను.

రెండేళ్లలోపు పిల్లలకు ప్రయాణపు వాంతులు అరుదు. ఆ తర్వాతే మొదలవుతాయి. అంటే మీ చిన్నవాడితో పెద్దగా భయం లేదు, జాగ్రత్త పడవలసింది పెద్దమ్మాయి విషయంలో. కారణం చాలా సరళం. లోపలి చెవి "మనం ఊగుతున్నాం, తిరుగుతున్నాం" అంటుంది. ముందు సీటు వీపును చూస్తున్న కన్ను "అంతా కదలకుండా ఉంది" అంటుంది. ఆ తగాదా మెదడు దాకా వెళ్లి కడుపులో తేలుతుంది. అందుకని బొమ్మల పుస్తకం, ఫోనులో కార్టూన్లు ఈ దారిలో శత్రువులు. కిటికీలోంచి దూరంగా కనిపించేటట్టు ఆ పాప సీటు అమర్చండి. కడుపు నిండుగానూ వద్దు, బొత్తిగా ఖాళీగానూ వద్దు. కిటికీ వేలెడు తెరిచి ఉంచండి. కారులో సుగంధపు డబ్బా ఉంటే తీసి డిక్కీలో పడేయండి. మందుల సంగతి మీ పిల్లల డాక్టరునే అడగండి. పెద్దవాళ్ల మాత్రను విరిచి సగం ఇవ్వడం లాంటి పనులు మాత్రం చేయకండి.

అన్నిటికంటే పనిచేసేది నిద్ర. నిద్రపోయే పిల్లకు కళ్లు మూసుకునే ఉంటాయి కాబట్టి ఆ తగాదా చాలావరకు తగ్గుతుంది. మీ పెద్దమ్మాయి మధ్యాహ్నం ఎన్నింటికి పడుకుంటుందో చూసి, సరిగ్గా ఆ వేళకు మలుపులు మొదలయ్యేలా ఇంటి దగ్గర బయలుదేరండి. మేము ఒకసారి మలుపుల ముందు అరగంట ఆగి, పిల్లలను బాగా పరుగెత్తించి, మరీ ఎక్కాం. పైకి చేరేదాకా ఒక్కరూ కళ్లు తెరవలేదు.

కానీ ఒక మెలిక ఉంది. ఇది ఎక్కేటప్పుడే. దిగేటప్పుడు లెక్క తిరగబడుతుంది. పైకి వెళ్తుంటే గాలి పీడనం తగ్గుతుంది, చెవిలోపల చిక్కుకున్న గాలి తనంతట తానే బయటకు పోతుంది. కిందికి వస్తుంటే బయటి గాలి లోపలికి పోవాలి. దానికి గొంతు వెనక నుంచి చెవికి వెళ్లే సన్నని గొట్టం తెరుచుకోవాలి, మింగినప్పుడు అది తెరుచుకుంటుంది. పసివాళ్లలో ఆ గొట్టం మరీ సన్నం. నిద్రలో మింగడం తక్కువ. కాబట్టి దిగుడు మొదలయ్యే ముందు చిన్నవాణ్ని లేపి, దారి పొడవునా కాసిన్ని నీళ్లో పాలో తాగిస్తూ ఉండండి. జలుబుగా ఉంటే నెమ్మదిగా, ఆగి ఆగి దిగండి. కిందికి వచ్చేటప్పుడు కారణం లేకుండా ఏడుస్తున్నాడని మేము మొదటిసారి తిట్టుకున్నాం. పాపం, వాడికి చెవి నొప్పి.

పిల్లల సీటు బెల్టు కింద లావు జాకెట్ వేయకండి. జాకెట్ దూదిలా నొక్కుకుపోతుంది, బెల్టు వదులైపోతుంది. జాకెట్ తీసేసి, బెల్టు బిగించి, పైన దుప్పటి కప్పండి. ఒక కవరులో ఒక జత బట్టలు మీ కోసం కూడా పెట్టుకోండి. ఆ కవరు డిక్కీ అడుగున కాదు, మీ కాళ్ల దగ్గర ఉండాలి.

పిల్లల వార్డు నర్సు

ఎత్తు గురించి నేను చెబుతాను. 2,500 మీటర్ల లోపు ఎత్తు జబ్బు అరుదు. 1,900 దగ్గర ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు సాధారణంగా ఇబ్బంది ఉండదు. మొదటి రాత్రి నిద్ర ముక్కలు ముక్కలుగా పట్టవచ్చు, ఆకలి కాస్త మందగించవచ్చు. గుండె, ఊపిరితిత్తుల సమస్య ఏదైనా ఉంటే, లేదా నెలలు నిండకుండా పుట్టిన పిల్లలైతే, బయలుదేరే ముందు డాక్టరును తప్పక కలవండి. అక్కడి నుంచి ఇంకా పైకి, మూడు వేల మీటర్ల దాకా ఏదో చూడటానికి వెళ్దామని మీ వారి పట్టికలో ఉంటే అది కొట్టేయించండి. ఇరవై నెలలవాడు "తలనొప్పి" అని చెప్పలేడు. ఆటలు మానేసి, తిండి మానేసి, ఊరుకోబెట్టినా ఊరుకోకుండా ఏడుస్తూ వాంతులు చేసుకుంటుంటే, వేరే కారణం తేలేదాకా అది ఎత్తు వల్లేనని అనుకుని కిందికి దిగాలి.

చలి లెక్క ఇలా వేసుకోండి. ప్రతి వెయ్యి మీటర్లకు సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. సముద్ర మట్టంతో పోల్చితే మీరు చూసిన చోట పన్నెండు డిగ్రీలు తక్కువ. పైగా ఈ కాలంలో పగటికీ రాత్రికీ తేడా ఎక్కువ. అయితే ఎండను తక్కువగా చూడకండి. వెయ్యి మీటర్లకు పదిశాతం చొప్పున అతినీలలోహిత కిరణాలు పెరుగుతాయి. గాలి చల్లగా ఉంటుంది కాబట్టి బుగ్గలు కందిపోతున్నాయని మనకు తెలియదు. ఉన్ని టోపీ పొద్దునకూ రాత్రికీ, అంచున్న టోపీ మధ్యాహ్నానికి.

ఒక్క లావు స్వెట్టర్ కంటే మూడు పలుచని పొరలు మేలు, ఒక్కొక్కటిగా తీయవచ్చు, వేయవచ్చు. ఇక్కడ దాదాపు అందరూ చేసే పొరపాటు ఒకటి ఉంది. చిన్నవాణ్ని వీపున సంచిలో మోస్తుంటే మోసేవాళ్లకు చెమటలు పడతాయి. "వేడిగానే ఉందిగా" అనుకుంటారు. లోపల కూర్చున్నవాడు కదలడు, కాళ్లు వేలాడుతుంటాయి, వాడు గడ్డకట్టిపోతుంటాడు. మీ ఒంటిని బట్టి వాడి చలిని కొలవకండి. పావుగంటకోసారి మెడ వెనక, పాదాల మీద చేయి పెట్టి చూడండి.

ఇక ఇది బతిమాలి చెబుతున్నాను. చలికి ఎవరైనా నిప్పుల కుంపటి గదిలోకి తెచ్చిపెడతామంటే వద్దనండి. తలుపులు మూసిన గదిలో బొగ్గులు కాలితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గది చల్లగా ఉంటే ఇంకో దుప్పటి అడగండి, లేదా గది మార్చమని అడగండి. స్నానాల గదిలో వేడినీళ్ల కుళాయిని కూడా మొదటి రోజే తిప్పి చూసుకోండి. ఇంట్లో మీ చేతికి అలవాటైన మలుపు అక్కడ పనిచేయదు. ముందు చన్నీళ్లు, తర్వాత వేడినీళ్లు, మోచేతితో చూసి అప్పుడు పిల్ల.

గాలి పొడిగా ఉంటుంది, దాహం వేయకపోయినా నీళ్లు తాగించండి. ముక్కులోంచి రక్తపు చుక్క కనిపిస్తే కంగారు పడకండి. తల కాస్త ముందుకు వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని పది నిమిషాలు పట్టుకోండి, మధ్యలో వదిలి చూడకుండా.

ఇద్దరి అమ్మ

నర్సు గారూ, మూడు వేల మీటర్ల సంగతి మీకెలా తెలిసింది! పట్టిక దొరికింది. అందులో నాలుగో రోజు రోప్‌వే ఉంది. మీ జవాబు మా వారికి చదివి వినిపించాను. రోప్‌వే పోయింది, దాని స్థానంలో ఒక ప్రశ్నార్థకం వచ్చింది.

అమ్మమ్మ

అమ్మాయీ, నేను చెప్పేది కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదువు.

పోయిన ఏడాది ఇదే కాలంలో మా అమ్మాయి, అల్లుడు, వాళ్ల రెండేళ్ల పిల్లతో కలిసి కొండ మీద వారం ఉన్నాను. విశ్రాంతి దొరికింది. నాకే కాదు, మా అమ్మాయికి కూడా. అది స్థలం గొప్పతనం కాదు. మొదటి రోజు జరిగిన ఒక సంఘటన వల్ల దొరికింది.

దిగగానే మా అల్లుడు జలపాతం దగ్గరికి బయలుదేరదీశాడు. గది గుమ్మం ముందు ఆరు మెట్లు, మెట్ల పక్కన సన్నని కాలువ, నిండా రాలిన ఆకులు. పిల్ల ఒక ఆకు తీసి నీళ్లలో వేసింది. అది కొట్టుకుపోయింది. ఇంకోటి వేసింది. మా అల్లుడు గడియారం చూసుకున్నాడు. ఇంకోటి వేసింది. గంటన్నర గడిచింది. నేను పై మెట్టు మీద కూర్చున్నాను, మా అమ్మాయి గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. కాసేపటికి అల్లుడూ కూర్చున్నాడు. జలపాతం ఆ రోజు లేదు, మర్నాడూ లేదు. ఆ పిల్ల ఊహలో అంతకన్నా పెద్ద నీళ్లు ఉండవు. దానికి ప్రపంచం మోకాలి ఎత్తున ఉంటుంది. కొండ శిఖరం మనం చూడాలి, అది చూసేది గొంగళిపురుగును.

అందుకని మేము పెట్టుకున్న పద్ధతి ఇది. రోజుకు ఒక్క పని, అదీ పొద్దున. మధ్యాహ్నం నిద్ర ఇంట్లో ఏ వేళకో అక్కడా ఆ వేళకే, గదిలోనే, మంచం మీదే. కారులో కునుకు తీయిస్తే సరిపోతుందనుకోవద్దు. ఒకటి నుంచి రెండేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటలు, మూడు నుంచి ఐదేళ్లవాళ్లకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. సెలవులో అది తగ్గితే సాయంత్రం మీ నెత్తి మీదే పడుతుంది. ఇంట్లో కప్పుకునే పాత దుప్పటి, ఉతక్కుండా, ఆ వాసనతోనే పట్టుకెళ్లు. కొత్తచోట నిద్ర పట్టడానికి దాన్ని మించింది లేదు.

ఇక నీ విశ్రాంతి. ఇద్దరూ కలిసి ఇద్దరు పిల్లలను చూస్తే ఇద్దరికీ విశ్రాంతి ఉండదు. పొద్దున గంటన్నర మీ ఆయన ఇద్దరినీ తీసుకుని బయటికి వెళ్లాలి, నువ్వు ఒక్కదానివే ఉండాలి. సాయంత్రం నీ వంతు, ఆయన ఒక్కడే ఎక్కడికైనా పోవచ్చు. ఆ శిఖరాలూ జలపాతాలూ అప్పుడు చూసుకోమను. ఎవరికీ కోపం ఉండదు. మా అల్లుడు జలపాతం మూడుసార్లు చూశాడు.

గది గురించి అడిగావు. కింది అంతస్తులో అడుగు. బాల్కనీ ఉంటే ఊచల మధ్య ఎంత సందుందో ఫోను చేసి కొలిపించు. పది సెంటీమీటర్లకు మించితే వద్దు. ఊచలు అడ్డంగా ఉంటే అసలే వద్దు, మెట్లెక్కే నీ కొడుక్కి అది నిచ్చెన. కుర్చీ, బల్ల రెండూ బాల్కనీలోంచి లోపలికి తెచ్చిపెట్టించు. ఇంకొకటి చాలామందికి తట్టదు. లోయ అడుగున ఉన్న గది కన్నా కాస్త పైన, వాలు మీద ఉన్న గది రాత్రిళ్లు వెచ్చగా ఉంటుంది. చల్లగాలి బరువైనది కదా, నిర్మలంగా ఉన్న రాత్రుల్లో నీళ్లలా జారి అడుగుకు చేరుతుంది. ఏటి ఒడ్డున గది అంటే వినడానికి బాగుంటుంది, పసివాడి చేయి విడిచిపెట్టడానికి మాత్రం ఉండదు. పొద్దుటి ఎండ పడే వైపు అడుగు. ఈ కాలంలో పగలు రోజురోజుకూ కుదించుకుపోతుంది, పైగా సూర్యుడు అస్తమించడానికి ముందే శిఖరం వెనక్కి పోతాడు. అది జరిగిన పది నిమిషాల్లో చలి మొదలవుతుంది. అప్పటికి మీరు గదికి దగ్గరలో ఉండాలి.

పైకి వెళ్లాక లోషన్ సీసా మూత పిల్లల మొహం వైపు పెట్టి తీయకు. ఆ ఎత్తున గాలి పీడనం ఐదో వంతు తక్కువ, లోపలిది చిమ్ముతుంది. మా అల్లుడి చొక్కా సాక్షి.

ఆకులు ఎందుకు ఎర్రబడతాయని నీ పెద్దది అడుగుతుంది. సిద్ధంగా ఉండు. పగలు తగ్గేసరికి చెట్టు తన ఆకుపచ్చ రంగును విరిచి లోపలికి లాక్కుంటుంది. పసుపు అంతకుముందు నుంచే ఉంది, పచ్చ కింద దాక్కుంది. ఎరుపు మాత్రం చాలా చెట్లలో అప్పటికప్పుడు కొత్తగా తయారవుతుంది. మా మనవరాలికి ఇంత చెప్పలేదు, "చెట్టు పడుకునే ముందు చొక్కా మార్చుకుంటోంది" అన్నాను. మూడున్నరేళ్ల పిల్ల అయితే మరి ఒప్పుకుంటుందో లేదో.

గట్టిమాట

అమ్మమ్మ గారి జవాబు చదివాక నా మాట సగం వెనక్కి తీసుకుంటున్నాను. పూర్తిగా కాదు. గంటన్నర మెట్ల మీద కూర్చోవడానికి ఒప్పుకునే భర్త ముందు దొరకాలి.

ఇద్దరి అమ్మ

ఇది కొండ మీద నుంచే రాస్తున్నాను. నాలుగో రోజు, మధ్యాహ్నం. ఇద్దరూ నిద్రపోతున్నారు.

వెనక సీటు నాన్న గారూ, మలుపుల ముందు ఆగి పరుగెత్తించాం. పెద్దది పైకి చేరేదాకా నిద్రే. చిన్నవాడు మాత్రం అస్సలు పడుకోలేదు, దారంతా కేకలు పెడుతూ ఎక్కాడు. వాంతులు లేవు. కాళ్ల దగ్గరి కవరు విప్పనవసరం రాలేదు, నాకు కాస్త నిరాశ కూడా కలిగింది.

నర్సు గారూ, మొదటి రాత్రి మీరన్నట్టే అయింది, చిన్నవాడు నాలుగుసార్లు లేచాడు. రెండో రాత్రి నుంచి కుదురుకున్నాడు. వీపు సంచిలో వాడి పాదాలు ముట్టుకుని చూస్తే నిజంగానే మంచుముక్కలు, నాకేమో చెమట. ఇప్పుడు రెండు జతల మేజోళ్లు. సాయంత్రం కుంపటి తెస్తామని ఒకతను ఎంతో ఆప్యాయంగా అడిగాడు. వద్దన్నాను, కారణం కూడా చెప్పాను. ఇంకో రెండు దుప్పట్లు తెచ్చిచ్చాడు.

అన్నీ బాగాలేవు. మూడో రోజు పొద్దున్నుంచి వాన. గదిలో ఇద్దరితో ఏడు గంటలు. మధ్యాహ్నానికి పరుపుల దిళ్లన్నీ నేల మీద, మా ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి చిరాకు. ఆ రోజు విశ్రాంతి లేదు, గట్టిమాట గారి పక్షమే గెలిచింది. వాన రోజుకు ఏదో ఒకటి తెచ్చుకోవలసింది. చివరికి స్నానాల గదిలో బకెట్టు, చెంబు, గోరువెచ్చని నీళ్లు మమ్మల్ని కాపాడాయి.

అమ్మమ్మ గారూ, వంతుల పద్ధతి మొదటి రోజు నుంచే మొదలుపెట్టాం. తొలిసారి ఒక్కదాన్నే ఉన్న గంటన్నరలో ఏమి చేయాలో తోచలేదు. పిల్లల బట్టలు మడతపెట్టాను. రెండో రోజు మడతపెట్టలేదు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ఎదుటి కొండను చూస్తూ కూర్చున్నాను. చూస్తుండగా మబ్బు నీడ ఒకటి ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి వెళ్లింది. దానికి పావుగంట పట్టింది, మొత్తం చూశాను. ఆ కాసేపట్లో నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

మా వారు తన వంతు వేళల్లో పట్టికలోని మూడు చోట్లు చూసి వచ్చారు. సంతోషంగానే ఉన్నారు. ఆకుల రంగు గురించి పెద్దదానికి మీ చొక్కా కథ చెప్పాను. "మరి పాత చొక్కా ఎవరు ఉతుకుతారు?" అంది. రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను.

ఎల్లుండి తిరుగు ప్రయాణం. దిగుడు మొదలయ్యే ముందు చిన్నవాణ్ని నిద్ర లేపాలి. ఎవరు లేపాలనే దాని మీద వంతులు ఇంకా తేలలేదు.